అరవై రెట్ల అబద్ధం

నారిన్ అనే కొండల ఊరి బజారులో బైనాక్యులర్లు అమ్మే బురుల్చా ముందుగా ధర చెప్పదు. "వేట గుర్రం మీదా, కాలినడకనా?" అని అడుగుతుంది. అద్దంపై ఊది, తలగుడ్డ కొసతో కాక మెత్తటి తోలుతో తుడిచి, ఎదుటి కొండవైపు తిప్పి చూస్తుంది. మూడు వేల సొమ్‌లున్నవాడికి ఎనిమిది రెట్లు చూపే పాతది ఇస్తుంది. ముప్పై వేలున్నవాడికి మునిమాపువేళ కూడా మసకబారనిది చూపిస్తుంది. "రెట్లు పెరిగేకొద్దీ బొమ్మ వణుకూ పెరుగుతుంది తమ్ముడూ" అని ఇద్దరికీ చెబుతుంది.

ఆ రోజు గొర్రెలకాపరి సగిన్ తాత, పక్క కొట్టు తాష్తాన్ దగ్గర కొన్న బైనాక్యులర్ పట్టుకొచ్చాడు. దానిమీద అరవై రెట్లని రాసి ఉంది. "అడవిమేకనుకుని పేల్చానమ్మా. మా తమ్ముడి టోపీకి చిల్లు పడింది" అన్నాడు ముసలాయన. బురుల్చా ముఖం జేవురించింది. విసవిసా వెళ్లి తాష్తాన్‌ను రెక్క పట్టుకుని వీధిలోకి లాగి, అతనమ్మిన బైనాక్యులర్‌నే చేతిలో పెట్టి కొండవైపు తిప్పింది.

"చూడరా! ఆ బండ పక్కన ఉన్నదేంటి?"

"చవకదాంట్లో ఇంతకంటే ఏం కనబడుద్దక్కా?"

"చవకదని చెప్పి అమ్మావా, అరవై రెట్లని చెప్పి అమ్మావా? చూడు!"

తాష్తాన్ చాలాసేపు చూసి "మేక" అన్నాడు.

ఆ మేక లేచి నిలబడి, గడ్డిమోపు వీపున వేసుకుని కొండ దిగసాగింది. బజారంతా గొల్లున నవ్వింది. బురుల్చా నవ్వలేదు.

"కొట్లో వేలాడదీసిన మిగతా అరవై రెట్లవి నువ్వు దించుతావా, నన్ను దించమంటావా?"

తాష్తాన్ తల వంచుకుని లోపలికి నడిచాడు. ఆఖరిది దించేదాకా ఆమె గుమ్మంలోంచి కదల్లేదు.