కింది వరుసలోకి జారిన పేరు

రెండు వేల ఇరవైలో ఊరంతా మూతపడ్డప్పుడు మా వంటశాల మాత్రం మూతపడలేదు. దుబాయ్ పక్క జెబెల్ అలీలో కూలీల క్యాంపులకు భోజనాలు పంపే కంపెనీ మాది. ఆఫీసులో కొద్దిమందిమే మిగిలాం. డేటాబేస్ చూసేదాన్ని నేనొక్కదాన్నే. మా ఆయన ఏదో పని మీద విజయవాడ వెళ్లి అక్కడే చిక్కుకుపోయాడు. విమానాలు లేవు. పొద్దున షార్జాలో కంపెనీ బస్సు ఎక్కడం, సాయంత్రం ఖాళీ ఫ్లాటుకు తిరిగి రావడం. బస్సులో సీటు విడిచి సీటులో కూర్చునేవాళ్లం. ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు.

క్యాంపులో ఒక కొత్త బిల్డింగును జబ్బు సోకినవాళ్ల కోసం ఖాళీ చేయించారు. గదికొక మనిషి. తలుపు మీద అతని పేరు రాసిన కాగితం. భోజనం డబ్బాను పొట్లంగా కట్టి తలుపు ముందు పెట్టి వెళ్లిపోవాలి. ఒకరి పథ్యం ఒకరికి పోకూడదు కాబట్టి ప్రతి పొట్లానికీ లేబుల్ ఉండాలి: పేరు, గది నంబరు, ఏం తినవచ్చో. లేబుళ్లు కొట్టే యంత్రం ఒక టెక్స్ట్ ఫైలును చదివేది. ఫైల్లో ఒక వరుస ఉంటే ఒక లేబుల్. డేటాబేస్‌ను అడిగి, వచ్చిన జవాబును ఆ ఫైలులోకి దింపడం రోజూ పొద్దున నా పని.

వినడానికి ఇంతే. కానీ మనుషులు చదువుకోవడానికి వీలుగా ఉన్న అమరిక యంత్రానికి పనికిరాదు. మొదటి రోజు వ్యాను డ్రైవరు ఫోన్ చేశాడు. జగిత్యాల వైపు మనిషి, క్యాంపులన్నీ అతనికి కొట్టినపిండి.

"మేడమ్, ఈ 'నేమ్' అనేటోడు ఏ రూముల ఉంటడు? ఇంకో పొట్లం మీద మొత్తం గీతలే ఉన్నయ్. దాన్ని ఎవలకియ్యాలె?"

కాలమ్ శీర్షికలూ వాటి కింది గీతలూ లేబుళ్లయిపోయాయి. ఫైలు చివర ఇన్ని వరుసలు వచ్చాయని చెప్పే వాక్యం కూడా పప్పన్నం పొట్లం మీదికెక్కింది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రోజే శీర్షికలు ఆపేశాను, పేజీ విరుపులు తీసేశాను, చివరి వాక్యం నోరు మూయించాను, వరుసల చివర మిగిలే ఖాళీలను కత్తిరించాను. లేబుల్ మీద పట్టేంత వెడల్పు పేరుకు ఇచ్చాను. మర్నాటి నుంచి అంతా సవ్యంగానే ఉందనుకున్నాను.

వారం గడిచాక డ్రైవరు మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి గొంతులో నవ్వు లేదు.

"మేడమ్, ఈ యానా ఎవలు?"

"ఏ యానా?"

"రోజు ఒక పొట్లం వస్తది. పేరు కాడ యానా అని ఉంటది, రూము నంబర్ ఉండది. పద్నాలుగో రూము పొట్లం తర్వాత ఉంటది గదా అని నేను పదిహేను ముంగట పెడుతున్న. ఇయ్యాల గార్డును అడిగితే పదిహేను ఖాళీ అంటున్నడు."

"మరి పెట్టిన పొట్లాలు?"

"అదే మేడమ్. మల్లొచ్చి చూస్తే ఉంటలేవు. ఖాళీ డబ్బ కడిగి పెట్టి ఉంటది."

ఫైలు తెరిచి చూశాను. పద్నాలుగో గదిలో ఉన్న అతని పాస్‌పోర్టు పేరు చాలా పొడవు. ఇంటిపేరు, తండ్రి పేరు, తన పేరు అన్నీ కలిసి ఉన్నాయి. నేను ఇచ్చిన వెడల్పులో అది పట్టలేదు. పట్టనప్పుడు డేటాబేస్ జవాబును ఫైలులోకి దింపే సాధనం మిగిలిన అక్షరాలను పారేయదు, మడిచి కింది వరుసలో పెడుతుంది. అలా చివరి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు ఒంటరిగా ఒక వరుసలో పడ్డాయి. గది లేదు, పథ్యం లేదు. యంత్రానికి అది ఇంకో మనిషి.

మడవకుండా తెంచెయ్యమని ఒక్క మాట చేరిస్తే చాలు. ఆ మాట టైపు చేశాను కూడా. కడిగి పెట్టిన డబ్బా గుర్తొచ్చి చెరిపేశాను. ఎవరో తింటున్నారు. ఎవరో తెలిసేదాకా ఉండనీ అనుకున్నాను. డ్రైవరుకు కూడా అదే చెప్పాను. "సరే మేడమ్, నేను ఎవ్వలకు చెప్ప," అన్నాడు.

ఆ రోజుల్లో ఫైలు తెరిస్తే నా కళ్లు నేరుగా ఆ వరుస మీదికే పోయేవి. తెల్లటి తెర మీద ఎడమ అంచున నాలుగు అక్షరాలు, పక్కనంతా ఖాళీ. నా ఫ్లాటులో ఒక్కదాన్నే అన్నం వండుకుంటున్నప్పుడు కూడా ఆ వరుస కనిపించేది. లేని పేరుతో ఎవరో నేను పంపే అన్నం తింటున్నారు. ఆడో మగో, జబ్బో ఆరోగ్యమో తెలియదు.

ఒక పొద్దున ఫైల్లో ఆ వరుస లేదు. దాని పై వరుసా లేదు. రికార్డు తెరిచి చూస్తే పద్నాలుగో గది మనిషిని మొన్న సాయంత్రం ఆంబులెన్సులో తీసుకెళ్లారు. నిన్న ఆసుపత్రిలో పోయాడు. అతని వరుస పోగానే దాని తోక కూడా పోయింది.

పదిహేను గురించి ఏం చెయ్యాలో ఆలోచిస్తుండగానే డ్రైవరు ఫోన్ వచ్చింది. మెల్లగా మాట్లాడుతున్నాడు.

"మేడమ్, పదిహేను తలుపు కొంచెం తెరిసి ఒకడు అడుగుతున్నడు, ఇయ్యాల అన్నం రాలేదేందని. తెలుగోడే. మీరు మాట్లాడుండ్రి, నేను స్పీకర్ పెట్టి గడప కాడ పెడుత."

ఫోను నేల మీద పెట్టిన చప్పుడు. తర్వాత తలుపు కీచుమన్న శబ్దం.

"ఎవరు బాబూ మీరు?" అన్నాను.

"ఆయ్, మాది అమలాపురం పక్కనండి." గొంతు వాడకం లేక బొంగురుపోయి ఉంది. "మా కంపెనీ మూసేశారండి. నా వీసా పెట్టిన కఫీలు దాన్ని రద్దు చేసేసి ఫోనెత్తడం మానేశాడండి. మా ఊరోళ్లు ఈ గదిలో ఉంటే ఆళ్ల దగ్గర తలదాచుకున్నానండి. ఆళ్లని పేర్లు పిలిచి వేరే బిల్డింగుకి తీసుకుపోయారండి. నా పేరు ఎందులోనూ లేదు కదండీ. గడియేసుకుని ఉండిపోయానండి. బయట గార్డులు."

"జ్వరం గానీ దగ్గు గానీ ఉన్నాయా?"

"ఏమీ లేవండి. పక్క గదిలో పెద్దాయన నాకు అన్నం పంపించేవారండి. తలుపు మీద కాయితంలో ఆరి పేరు చూశానండి. పొట్లం మీద ఆ పేరు చివరి ముక్కే ఉంటదండి. నా గురించి తెలిసి, ఎవరికీ అనుమానం రాకుండా అలా రాయించారనుకున్నానండి. ఇవాళ ఆరికి బాలేదాండి?"

చెప్పక తప్పదు. ఆయన లేరని, ఆసుపత్రికి తీసుకెళ్లాక పోయారని చెప్పాను.

తలుపు మళ్లీ కీచుమంది. వెళ్లిపోయాడేమో అనుకున్నాను.

"ఎప్పుడు తీసుకెళ్లారండి?"

"మొన్న సాయంత్రం."

"మేం మాట్లాడుకునేవోళ్లం కాదండి. పెద్దాయన గోడ మీద కొడితే నేనూ కొట్టేవోణ్ణి. ఉన్నావా అంటే ఉన్నానని, అంతేనండి. మరి నిన్న రాత్రి కొట్టిందెవరండి?"

డ్రైవరు ఫోను అందుకుని దూరంగా జరిగాడు. "మేడమ్, పద్నాలుగుకు మొన్ననే తాళమేసి టేపు కొట్టిన్రు. నేను కండ్లార చూసిన. ఇటుపక్క ఇంకో రూమే లేదు, మెట్లే ఉన్నయ్."

ఆ మధ్యాహ్నం మా ముదీర్, అంటే మేనేజరు, గదికి వెళ్లాను. హైదరాబాదు పాతబస్తీ మనిషి, మాటలు తక్కువ. జరిగిందంతా చెప్పాను, గోడ సంగతి తప్ప. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ విన్నాడు.

"ఫైల్లో ఆయన పేరు ఎట్లా పెట్టాలి సార్? రికార్డు లేదు," అన్నాను.

"మేరే నామ్ పే లిఖో," అన్నాడు. "నా పేరు రాయి, గది పదిహేను. ఎవరన్నా అడిగితే నా దగ్గరికి పంపు. ఖలాస్."

అలాగే చేశాను. డేటాబేస్ ఇచ్చే వరుసల కింద చేత్తో ఒక వరుస చేర్చాను. ముదీర్ పేరు పొట్టిది, మడత పడలేదు. తర్వాత ఆయనే ఎవరితోనో మాట్లాడి పరీక్ష చేయించాడు. జబ్బు లేదని తేలింది. వీసా గడువు దాటినవాళ్లను జరిమానా లేకుండా పంపిస్తున్నారని తెలిసి కాగితాలు కూడా పెట్టించాడు.

అన్నిరోజులూ ఆ అమలాపురం మనిషి అడిగింది ఒక్కటే. "గది మార్చండి సార్." ముదీర్ కారణం అడగలేదు, వరండా ఆ చివర గది ఇప్పించాడు. అక్కడ ఎలా ఉందని డ్రైవరును కనుక్కున్నాను.

"గోడ సప్పుడు లేదంట మేడమ్. దానికి కూడ రంది పడుతున్నడు. తనే కొట్టి చూస్తున్నడంట, జవాబు వస్తలేదని."

ఆ మాట విన్నాక నాకు మా ఫ్లాటులో గోడల వైపు చూడాలంటే బెదురు పట్టుకుంది. పక్క ఫ్లాటువాళ్లు ఎప్పుడో ఊరెళ్లిపోయారు. పైపుల్లో నీళ్లు కదిలినా లేచి కూర్చునేదాన్ని. మా ఆయన ఫోన్‌లో "లైట్లన్నీ వేసుకుని పడుకో" అనేవాడు. ఏం విన్నానో ఆయనకు చెప్పలేదు.

విమానాలు మొదలయ్యాక ఆ అమలాపురం మనిషి వెళ్లిపోయాడు. ఊరు చేరి ఫోన్ చేశాడు. ఆ పెద్దాయన ఇల్లు ఎక్కడో చెప్పమన్నాడు, వాళ్లింటికి వెళ్లి ఒకసారి కనపడి రావాలన్నాడు. మా దగ్గర ఉన్న నంబరుకు ఫోన్ చేసి ఆ కుటుంబాన్ని అడిగాను. రమ్మన్నారు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆ పెద్దాయన ఇక్కడే మట్టిలో కలిశాడు. వాళ్లకు చివరిచూపు కూడా లేదు.

తర్వాత ఆ కంపెనీలో పద్ధతి మారింది. ఇప్పుడు నేను దుబాయ్ డేరా ప్రాంతంలో వేరే ఆఫీసులో పని చేస్తున్నాను. ఏ ఫైలు దింపాల్సి వచ్చినా ముందు అన్నిటికన్నా పొడవైన పేరు ఎంతుందో కొలిచి ఆ తర్వాతే వెడల్పు నిర్ణయిస్తాను. ఏ వరుసా మడత పడదు. అయినా ఫైలు తెరవగానే ఎడమ అంచు వెంట కళ్లు కిందికి జారతాయి.

అతను వెళ్లి వచ్చిన కొన్నాళ్లకు ఆ పెద్దాయన భార్య నాకు ఫోన్ చేసింది. మొహమాటంగా మొదలుపెట్టింది.

"అమ్మా, మిమ్మల్ని ఒకటి అడగొచ్చా? ఆ అబ్బాయి వచ్చి చెప్పాడు. మా ఆయన జబ్బులో ఉండి కూడా పక్క గదికి రోజూ అన్నం పంపించారట కదా. మా వాళ్లు నమ్మట్లేదు. నిజమేనా అమ్మా?"

వెడల్పుల గురించి, మడతల గురించి ఆవిడకేం చెప్పను?

"అవునండి," అన్నాను. "ఆ పొట్లం మీద ఆయన పేరే ఉండేది."