చిల్లి గిన్నె మునిగేలోపు

నా చిన్నప్పటి ఎండాకాలాల్లో, హార్స్లీ హిల్స్‌కు ఇవతల ఒక చిన్న కొండమీది జలపాతమే రెండు ఊళ్లకు తాగునీరు. పైన గొర్రెల కాపర్ల పల్లె, కింద సేద్యం చేసుకునే మా ఊరు. వానల్లో హోరుమని దూకే ఆ ధార, ఉగాది దాటితే నా చిటికెన వేలంత సన్నబడేది.

తగువులు రాకుండా పెద్దలు ఒక పద్ధతి పెట్టారు. అడుగున సన్నటి చిల్లి ఉన్న రాగి గిన్నెను నీళ్లతొట్టిలో తేలేస్తే, అది నిండి మునిగేదాకా ఒక ఇంటి వంతు. మొత్తం నలభై మూడు ఇళ్లు. గిన్నె కాసేది మా తాతయ్య. ఆయనకు చూపు ఆనక, మునగగానే కేకేసే పని నాకు అప్పగించాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. "కలెక్టరమ్మ కూసుండాది, బిన్నా పట్టుకోండమ్మా" అని ఆడవాళ్లు తొందరపడుతున్నట్టు నటిస్తూ ఎగతాళి చేసేవారు.

ఆ ఏడు ధార మరీ సన్నగిల్లింది. ఒకరోజు పద్దెనిమిదో వంతు పైపల్లె బాలింతది. పందొమ్మిదోది మాది. ఆమె కడవ సగమైనా నిండలేదు, గిన్నె మునిగింది. తల తిప్పకుండానే "అయిపోయింది" అని అరిచాను.

"బిడ్డకు మూడు దినాలుగా జరం అప్పా, వొళ్లు కాలిపోతాండాది. తడిగుడ్డ వేసేదానికి కూడా నీళ్లు లేవు" అందామె తాతయ్యతో.

తాతయ్య గిన్నెను పైకి తీసి, మళ్లీ తేలేసి, చిల్లికి కింద బొటనవేలు అడ్డం పెట్టాడు. నేను ఊరుకోలేదు.

"తాతా, అది మన వంతు!"

"ఇంకా మునగలేదు గదమ్మా, సూడు" అన్నాడు.

గిన్నె మునగలేదు. కానీ ధార చుక్కలైంది, కాసేపటికి చుక్కలూ ఆగిపోయాయి. మోచేతి దాకా నీళ్లలో చెయ్యి పెట్టుకుని తాతయ్య, కడవ పట్టుకుని ఆమె, ఎండిన బండకేసి చూస్తూ ఉండిపోయారు. వెనక ఇరవై నాలుగు ఇళ్లవాళ్లు ఖాళీ కడవలు కింద పెట్టారు. చివరికి ఆమే "చాలప్పా, చెయ్యి తియ్యి" అని సగం కడవతో కొండెక్కింది. మేము ఖాళీ కడవతో ఇంటికొచ్చాం.

నాలుగో రోజు బిడ్డ పోయింది. తొంభైల్లో చుట్టూ బోర్లు పడ్డాక ఆ ధార కూడా పోయింది. రెండిటికీ ఎవరమూ ఏమీ చేయలేకపోయాం.

ఇప్పటికీ సమయం లెక్కలో నేను తప్పను. కానీ ఎవరికైనా "అయిపోయింది" అని చెప్పాల్సి వస్తే, ముందు వాళ్ల మొహంలోకి చూస్తాను. చూశాక చాలాసార్లు ఆ మాట నోట్లోంచి రాదు.