పేరు లేని అర స్ట్రిప్పు

నిన్న ఇక్కడ కెనడాలోనే బ్రాంప్టన్ నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. ఉద్యోగం వచ్చి, తల్లిని తీసుకుని మా సముద్రపు ఊరికి మారుతున్నాడట. "అంకుల్, అక్కడ లోకల్‌గా ఫార్మసిస్ట్ ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. "ఉంది, మన తెలుగమ్మాయే" అన్నాను. ఆ అమ్మాయికి నా మొహం చూస్తేనే పడదని మాత్రం చెప్పలేదు.

మేము వచ్చిన మొదటి చలికాలంలో చేపల రేవు పక్కన ఆ షాపు కనబడింది. తలుపు తీస్తే ఉప్పుగాలీ, పడవల డీజిల్ వాసనా మనతోపాటే లోపలికి వచ్చేవి. కౌంటర్ వెనక విశాఖపట్నం అమ్మాయి. మనవాళ్లే కదా అన్న ధీమాతో, మా ఆవిడ దగ్గుకి నాలుగు యాంటీబయాటిక్ బిళ్లలు కత్తిరించి ఇమ్మన్నాను.

"ప్రిస్క్రిప్షన్ లేకుండా ఇవ్వను అంకుల్."

"మన ఊళ్లో ఇస్తారుగా అమ్మా."

"అయితే అక్కడే కొనుక్కోండి."

వరుసలో ఉన్న జాలరికి తెలుగు రాకపోయినా నవ్వొచ్చింది. ఆ నవ్వు నాకు చాలా రోజులు గుచ్చుకుంది. మనవాళ్ల ప్రతి విందులోనూ, ఆ పిల్లకి లైసెన్స్ రాగానే కళ్లు నెత్తికెక్కాయని ప్రచారం చేశాను.

ఇంట్లో మందులకి లోటేమీ లేదు. హైదరాబాద్ నుంచి ఎవరొచ్చినా సూట్‌కేసులో ఆవకాయ పక్కన టాబ్లెట్లుండేవి. స్నేహితులం స్ట్రిప్పులు కత్తిరించి పంచుకునేవాళ్లం. ఒకరోజు మళ్లీ దగ్గొస్తే, అలాంటి అర స్ట్రిప్పులోంచి ఒకటి తీసి మా ఆవిడతో మింగించాను. కాసేపటికి ఆమె పెదవులు వాచి, ఊపిరి ఈల వేయసాగింది. కారులో ఎక్కించుకుని ఆ షాపుకే తీసుకెళ్లాను. అంతకంటే దగ్గరలో ఏదీ లేదు.

ఆ అమ్మాయి నావైపు చూడకుండానే ఆమెకి ఇంజెక్షన్ ఇచ్చి, అంబులెన్స్ పిలిచింది. "ఏం వేశారు?" అంది. స్ట్రిప్పు చూపించాను. పేరున్న సగం సార్నియాలో మిత్రుడి దగ్గరుంది. అక్కడే స్పీకర్ పెట్టి ఫోన్ చేశాను. "మా అత్తగారు వాడేశారన్నా, రేకు పారేశాం" అన్నాడు. ఆగకుండా, "ఆ షాపు పిల్ల దగ్గరికి మాత్రం పోకు. పొగరుబోతని నువ్వేగా చెప్పావు."

"ఆ పొగరుబోతునే మాట్లాడుతున్నా" అందామె ఫోన్ వైపు వంగి. "పేరు గుర్తులేకపోతే కనీసం రంగు చెప్పండి."

మా ఆవిడ బతికింది. మర్నాడు క్షమాపణ చెప్పబోతే, "అది నాకొద్దు సార్. ఇంట్లో ఉన్న మందులన్నీ తెచ్చి ఇక్కడ పడేయండి" అంది. పడేశాను. ఇప్పుడు మా ఆవిడ ఆమెతో గంటలు కబుర్లు చెబుతుంది. నేను కారులో కూర్చుంటాను. ఏళ్లు గడిస్తే కోపం దానంతటదే చల్లారుతుందనుకునేవాణ్ని. నాకు గడిచిన ఏళ్లతో అవతలివాళ్ల కోపానికి పనిలేదని ఇప్పుడు తెలుస్తోంది.