చిన్నవంక వచ్చిన మధ్యాహ్నం

నంద్యాలలో పెరిగినదాన్ని కాబట్టి నాకు ఏరంటే కుందూనే. ఎగువన వానలు పడితే కుందూ నీళ్ళు పొద్దున రంగు మారేవి, సాయంత్రానికి గట్టు తాకేవి, మరుసటి రోజుకు పక్క చేలల్లోకి వచ్చేవి. ముందుగా కార్డు రాసి మరీ వచ్చే చుట్టాల్లాగా ఉండేది ఆ రాక. గోస్పాడు వైపు చేలున్నవాళ్ళకు మోటార్లు విప్పి పైకి చేర్చుకునేంత తీరిక దొరికేది. మా నాయన రైసుమిల్లులో గుమాస్తా. కుందూ పొంగితే రెండు రోజులు మిల్లుకు వడ్ల బండ్లు రావని చెప్పి మధ్యాహ్నం హాయిగా పడుకునేవాడు. నీళ్ళకు భయపడడం మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ భయం నాకు ఉద్యోగంతో పాటు వచ్చింది. ఎనభైలు అప్పుడే మొదలయ్యాయి. టీచర్ ట్రైనింగ్ అయిన మరుసటి ఏడాది నన్ను ఆళ్ళగడ్డకు తూర్పున, నల్లమల కింద ఒక పల్లెకు వేశారు. బడి మొత్తానికి నేనొక్కదాన్నే టీచరును. ఆళ్ళగడ్డలో అద్దె గది, పొద్దున బస్సు, దిగాక ఒక మైలు నడక. శనివారం సాయంత్రం నంద్యాల, ఆదివారం చర్చి, సోమవారం మళ్ళీ బస్సు. ఇరవై రెండేళ్ళ వయసు, చేతికి నాయన కొనిచ్చిన గడియారం, నాకు తెలియనిది లేదన్న ధీమా.

ఆ పల్లెకూ కొండకూ మధ్య ఒక వంక ఉంది. దానికి అవతల, కొండ వైపు, కొట్టాలు. ముప్పై ఇళ్ళుంటాయి. అక్కడి నుంచి పదిహేడు మంది పిల్లలు రోజూ వంక దాటి నా బడికి వచ్చేవాళ్ళు. మామూలు రోజుల్లో నీళ్ళు వాళ్ళ మడమలు కూడా తడపవు. కాస్త పారుతున్నప్పుడు మాత్రం వాళ్ళకొక పద్ధతి ఉండేది. అయిదో తరగతి పిల్ల, అందరిలోకీ పెద్దది, వంక నడుమ లోతున్న చోట ఎగువకు వీపు పెట్టి నిలబడేది. చిన్నవాళ్ళు ఒక్కొక్కరే ఆమె చెయ్యి పట్టుకుని దాటేవాళ్ళు. అందరూ అయ్యాక చివరన ఆమె గట్టెక్కేది. ఇది ఎవరో నేర్పింది కాదు. అంతకు ముందు ఆమె అక్క అట్లాగే నిలబడేదట.

ఈ వంక పోయి వక్కిలేట్లో కలుస్తుంది, వక్కిలేరు కుందూలో కలుస్తుంది, కుందూ పెన్నలో కలుస్తుంది. ఇదంతా నల్లబల్ల మీద గీతలు గీసి బ్రహ్మాండంగా చెప్పేదాన్ని. వంక కిందికి ఎక్కడికి పోతుందో నాకు తెలుసు గానీ పైనుంచి ఏమొచ్చి అందులో కలుస్తుందో పట్టించుకోలేదు. దాటే చోటుకు కాస్త ఎగువన రెండు వంకలు కలుస్తాయి. పెద్దవంక కొండల్లో చాలా లోపల పుట్టి, మలుపులు తిరిగి తిరిగి వస్తుంది. చిన్నవంక ఎదురుగా కనిపించే కొండ మీది నుంచే నిటారుగా దిగుతుంది. ఏడాదిలో పదకొండు నెలలు ఎండి ఉంటుంది. నేను దాన్ని మేకలు నడిచే దారి అనుకున్నాను.

ఈ కొండ వంకలతో చిక్కేమిటంటే, వాన మన దగ్గర పడదు. బడి ముందు ఎండ కాస్తూ ఉంటుంది, పిల్లలు చెట్టు నీడ వెతుక్కుంటూ ఉంటారు, ఇంతలో నీళ్ళు వచ్చేస్తాయి. మొదటిసారి అట్లా వచ్చినప్పుడు అదృష్టవశాత్తూ ఆదివారం. సోమవారం పొద్దున గొర్లు కాసే ఒక తాత వంక గట్టున కూర్చుని నాకు ఆ సంగతి చెప్పాడు. ఇక్కడి ఆకాశం చూస్తే లాభం లేదని, కొండ మీద తెల్లగా వాన తెర దిగిందా లేదా అన్నదే చూసుకోవాలని చెప్పాడు. ముందు చెత్తా చెదారం, ఎండుటాకులు వస్తాయట, వాటి వెనకే నీళ్ళట.

అప్పటి నుంచి నాకు పాఠం మీద ధ్యాస పోయింది. ఎక్కాలు చెప్పిస్తూ కొండ వైపు చూసేదాన్ని. కొంచెం మబ్బు పడితే చాలు, కొట్టాల పిల్లలను ఇంటికి తరిమేసేదాన్ని. వారంలో మూడు రోజులు వాళ్ళకు మధ్యాహ్నం బడి ఉండేది కాదు. ఊళ్ళో నవ్వుకున్నారు. టీచరమ్మకు మబ్బు చూస్తే జరం వస్తాదని ఒకామె నా ఎదురుగానే అంది. నాకు రోషం ఎక్కువ. నవ్వుతూ అన్న మాటకు కూడా రాత్రంతా కుమిలిపోయే రకాన్ని. సరే, దీని సంగతేదో తేలుస్తానని ఒక నోటుబుక్కు పెట్టాను.

కొండ మీద తెర ఎన్ని గంటలకు కనిపించింది, వంకలోకి నీళ్ళు ఎన్ని గంటలకు వచ్చాయి, రాస్తూ పోయాను. ఆ వానాకాలంలో అయిదు సార్లు రాశాను. అయిదు సార్లూ దాదాపు రెండు గంటలు పట్టింది. ఒకసారి మాత్రం ఓ పావుగంట తగ్గింది. తెర కనిపించాక గంట వరకూ పాఠం చెప్పుకోవచ్చు, ఆ తర్వాత పంపినా వాళ్ళు తీరిగ్గా దాటిపోతారు అని తేల్చుకున్నాను. ఆ సంగతి పిల్లలకు కూడా గొప్పగా చెప్పాను. గడియారం తీసి చూపించాను. వాళ్ళు నోళ్ళు తెరుచుకుని విన్నారు. అయిదో తరగతి పిల్ల ఏదో అనబోయి ఊరుకుంది. నేను అడగలేదు.

దసరా సెలవులు అయి బడి తెరిచిన వారమది. మధ్యాహ్నం రెండు కావస్తుండగా కొండ మీద తెర దిగింది. ఎప్పుడూ దిగే చోట కాకుండా బాగా దక్షిణంగా, మాకు దగ్గరగా ఉన్న కొండ మీద దిగింది. దగ్గరగా ఉంది కాబట్టి బాగా కనిపిస్తోందని మాత్రమే అనుకున్నాను. గడియారం చూసుకున్నాను. భాగహారం సగంలో ఉంది, దాన్ని పూర్తి చేయించాలనిపించింది. అరగంట చెప్పాను. అయినా మనసు ఊరుకోక, ఇంకా గంటన్నర టైముంది, మెల్లగా నడిచి పోండి, పరుగెత్తకండి అని కొట్టాల పిల్లలను లేపాను. పదిహేడు మందీ పలకలు సర్దుకుని వెళ్ళారు. బడి నుంచి వంక కనిపించదు. తుమ్మచెట్లు అడ్డం.

వాళ్ళు వెళ్ళి పది నిమిషాలైందో లేదో, లారీ నుంచి కంకర కుమ్మరించినట్టు ఒక చప్పుడు వినిపించింది. అది ఆగలేదు. చాక్‌పీసు చేతిలోనే ఉంది. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను.

వంక నిండా ఎర్రటి నీళ్ళు. ఒక మోదుగ కొమ్మ ఆకులతో సహా గిరగిరా తిరుగుతూ పోతోంది. పెద్దవంక వచ్చే వైపు చూస్తే తేటగా, సన్నగా పారుతోంది. నీళ్ళన్నీ ఆ మేకల దారి నుంచే వస్తున్నాయి. నేను రాసుకున్న అయిదు సార్లూ పెద్దవంకవి. చిన్నవంక దిగడానికి ముప్పావుగంట కూడా పట్టదని ఆ గట్టున నిలబడి అర్థం చేసుకున్నాను.

అవతలి గట్టున ఎవరూ లేరు. దాటి ఇళ్ళకు వెళ్ళిపోయారా, లేక... ఆ రెండో మాట నోట్లోకి రానివ్వలేదు. దాటి ఉంటారు, పది నిమిషాలు చాలు అనుకున్నాను. మళ్ళీ, పరుగెత్తకండి అని చెప్పింది నేనే కదా అనుకున్నాను. అరిచాను. నీళ్ళ హోరులో నా అరుపు నాకే వినిపించలేదు.

ఊళ్ళోవాళ్ళు వచ్చారు. నాకు జరం అంటగట్టి నవ్వినామె కూడా వచ్చింది. ఆమె నన్ను తిట్టలేదు. దగ్గరికొచ్చి సూటిగా అడిగింది.

"ఎంతసేపాయ పంపిచ్చి?"

అరగంట అయిందన్నాను. అప్పటికి పావుగంట కూడా కాలేదు. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గు. పిల్లల కోసం ఏడుస్తూనే నన్ను నేను కాపాడుకున్నాను. నలభై ఏళ్ళలో ఈ మాట ఎవరికీ చెప్పలేదు, మా నాయనకు కూడా.

కొంతసేపటికి అవతలి గట్టున గొర్ల తాత కనిపించాడు. ఆయన వెనక కొట్టాల ఆడవాళ్ళు, వాళ్ళ కొంగులు పట్టుకుని పిల్లలు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్కొక్కరినీ వేలితో చూపిస్తూ లెక్కపెట్టాను. పదహారు. చిన్నపిల్లలు అటూ ఇటూ కదులుతున్నారు, తప్పు లెక్కపెట్టానేమో అని మళ్ళీ చూశాను. పదహారే. మూడోసారి లెక్కపెట్టకుండా మొహాలు వెతికాను. అందరికంటే ఎత్తుగా ఉండాల్సిన పిల్ల లేదు. చివరన గట్టెక్కే పిల్ల.

తాత చేతులూపి ఏదో చెప్తున్నాడు. దిగువ వైపు చూపించాడు, తర్వాత తన భుజం పట్టుకుని చూపించాడు, తర్వాత కొట్టాల వైపు చూపించాడు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. దిగువ వైపు చూపించిన చెయ్యి ఒక్కటే నా కంట్లో నిలిచిపోయింది. దిగువన వక్కిలేరు, దాని దిగువన కుందూ. నల్లబల్ల మీద నేను గీసిన గీతలు అన్నీ వరసగా గుర్తొచ్చాయి. మోకాళ్ళ మీద కూర్చుండిపోయి ప్రార్థన చేయబోయాను. నోట్లో పదహారు అన్న లెక్కే తిరిగింది.

చిన్నవంక ఎంత తొందరగా వస్తుందో అంత తొందరగా పోతుంది. అయినా ఆ రెండు గంటలు గడవడానికి నాకు ఏడాది పట్టింది. పొద్దు వాలుతుండగా నీళ్ళు నడుము దాకా దిగాయి. వద్దంటున్నా వినకుండా దిగాను. ఇద్దరు మగవాళ్ళు చెరో చెయ్యి పట్టుకుని దాటించారు.

గట్టెక్కగానే తాత ముందు ఒకే మాట చెప్పాడు.

"పాప బతికే ఉండాది, పోదాం పామ్మా. చెయ్యి ఇరిగింది."

పదహారు మందినీ దాటించాక ఆ పిల్ల కాళ్ళను నీళ్ళు లాగేశాయట. ఒక మలుపు దాకా కొట్టుకుపోయి తుమ్మవేరుకు చిక్కుకుంటే తాత కర్ర చాచి లాగాడట. ఇంటి ముందు నులక మంచం మీద పడుకోబెట్టారు. కుడి చేతికి వెదురు బద్దలు పెట్టి పాత చీర ముక్కతో కట్టారు. మొహమంతా గీరుకుపోయి ఉంది. నన్ను చూసి లేవబోయింది. టీచరు వస్తే లేచి నిలబడాలని నేనే నేర్పాను.

పడుకోమని చెప్పి పక్కన కూర్చున్నాను. క్షమించమని అడగాలని వచ్చినదాన్ని, తీరా నోరు తెరిస్తే టీచరు గొంతే వచ్చింది. నీళ్ళు వస్తున్న గుర్తేమీ కనిపించలేదా అని అడిగాను.

"కనపడింది టీచర్. ఆకులు వస్తాండె. చిన్నవంకలో వానని బడికాడనే తెలుసు."

"తెలిసీ ఎందుకు దిగారు?"

ఆ పిల్ల కాసేపు నా చేతి గడియారం వైపు చూసింది. ఇంత తేలిక ప్రశ్న టీచరు ఎందుకు అడుగుతోందో అర్థం కానట్టు చూసింది.

"మీరు టైముందంటిరి గదా. మేము తప్పు జూసినామనుకుంటిమి."

వాళ్ళమ్మ లోపలి నుంచి చెంబుతో మజ్జిగ తెచ్చి, ఎంత దూరం నడిచొచ్చినావో తాగు టీచరమ్మా అని నా చేతిలో పెట్టింది.