ఎర్ర క్లిప్పు ఉంటే కెటిల్ ముట్టకూడదు

జపాన్‌లో యోతేయి కొండ కింద, బంగాళాదుంపలు ఏరే షెడ్డులో తోకుయేది ఇరవై ఆరేళ్ళ సర్వీసు. బెల్టు మీద దొర్లుకుంటూ వచ్చే దుంపల్లో పచ్చబారినవి, పగిలినవి, గజ్జి పట్టినవి, మరీ లావైనవి ఏరి పక్క బుట్టలో పడేయడం ఆమె పని. చేతిలోకి తీసుకుని వేలితో ఒక్క దెబ్బ కొడితే లోపల డొల్లో కాదో చెప్పేస్తుంది. ఈ విద్య వల్ల ఆమెకు మిగిలింది భుజం నొప్పి, కాస్తంత పొగరు.

ఆమె అసలు కొలువు మాత్రం టీ గదిలో. అక్కడ బల్ల మీద ఓ పాత టోస్టర్ ఓవెన్ ఉంది. పొద్దున సరిగ్గా తొమ్మిదీ పదికి తోకుయే పక్క బుట్టలోంచి మంచి దుంపలు ఎంచి, తడిపిన న్యూస్ పేపర్లో చుట్టి, దానిపైన ఫాయిల్ చుట్టి ఓవెన్లో పెడుతుంది. దాని టైమరు మర పదిహేను నిమిషాలకు మించి తిరగదు. దుంప కాలడానికి ముప్పావుగంట కావాలి. అందుకని ఆ షెడ్డులో ఆడవాళ్ళలో ఎవరో ఒకరికి ప్రతి పావుగంటకూ బాత్రూం వస్తుంది.

ఓవెన్, టీ కెటిల్ ఒకేసారి వేస్తే బ్రేకరు పడిపోతుంది. టీ గదితో పాటు పక్కనున్న ఆఫీసు కంప్యూటర్లూ, లేబుళ్ళు కొట్టే మిషనూ ఆగిపోతాయి. అందుకే దుంప లోపల ఉన్నంతసేపూ కెటిల్ తీగకి ఒక ఎర్ర బట్టల క్లిప్పు పెడతారు. క్లిప్పు ఉంటే కెటిల్ ముట్టకూడదు. ఈ సంగతి ఎక్కడా రాసి లేదు. రాయాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు.

ఏప్రిల్లో సప్పోరో నుంచి కొత్త సూపర్వైజరు వచ్చాడు. పేరు ఒగిషిమా, ముప్పై నాలుగేళ్ళు, ఇస్త్రీ చేసిన యూనిఫారం. సెప్టెంబరులో కొత్తగా చేరిన వాళ్ళ పొరపాటున బ్రేకరు రెండుసార్లు పడింది. రెండోసారి ఆయన టీ గదిలోకి వచ్చి ఓవెన్ ముందు నిలబడ్డాడు.

“మూడోసారి పడితే దీన్ని చెత్తబండి ఎక్కిస్తాను. అయినా మైక్రోవేవ్ ఉందిగా? నాలుగు నిమిషాల్లో అయిపోతుంది.”

గదిలో ఎవరో నిట్టూర్చారు. తోకుయే చేతి తొడుగులు తీసి బల్ల మీద పెట్టింది.

“మైక్రోవేవ్‌లో పాలు కాచుకోండి బాబూ. దుంప అందులో ఉడుకుతుంది గానీ కాలదు. ఇందులో కాలిస్తే అది ఏ పొలం దుంపో చెప్పేస్తాను నేను.”

“చెప్తుంది సారూ,” అంది మిత్సుయో. బెల్టు దగ్గర పదిహేనేళ్ళుగా తోకుయే పక్కనే నిలబడే మనిషి. “ఎరువు ఏ రోజు వేశారో, ఆ రోజు ఆ రైతు పెళ్ళాంతో గొడవపడ్డాడో లేదో కూడా చెప్తుంది.”

ఒగిషిమా నవ్వలేదు. “సరే. రేపు మూడు దుంపలు తెస్తాను. మూడింటి సంగతీ సరిగ్గా చెప్పండి, ఓవెన్ జోలికి రాను. ఒక్కటి తప్పినా శనివారం తీసేస్తాను.”

“తప్పదు,” అంది తోకుయే, మిత్సుయో మోచేత్తో పొడుస్తున్నా ఆగకుండా.

ఆయన వెళ్ళాక మిత్సుయో అడిగింది. “అక్కా, నిజంగా చెప్పగలవా?”

“రెండు చెప్పగలను.”

“మూడోది?”

“పొద్దున ఏ లారీ వచ్చిందో చూసి చెప్తుంటాను.”

మిత్సుయో బల్ల మీద తల వాల్చి, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా భుజాలు కుదిపింది.

మర్నాడు ఒగిషిమా తెచ్చిన దుంపల వెంట లారీ ఏదీ రాలేదు. జేబులోంచి తీశాడు. మూడోది మిగతావాటికన్నా చిన్నది. తోకుయే వాటిని చుట్టి, ఫాయిల్ మీద ఒకటి, రెండు, మూడు అని పెన్నుతో రాసి, లోపల పెట్టి, కెటిల్‌కి క్లిప్పు తగిలించి బెల్టు దగ్గరికి పోయింది. మొదటి పావుగంటకి తనే వెళ్ళి మర తిప్పింది. రెండోసారి మిత్సుయోకి బాత్రూం వచ్చింది.

ముప్పై అయిదో నిమిషంలో ఆఫీసు దీపాలు ఆరిపోయాయి. లేబుళ్ళ మిషను కూతపెట్టి ఆగింది.

తోకుయే పరిగెత్తింది. ఆమె పరిగెత్తగా చూసి పదేళ్ళయింది, దాంతో అందరూ వెనక పరిగెత్తారు. టీ గదిలో ఒగిషిమా ఒక చేత్తో కెటిల్ పట్టుకుని, ఇంకో చేత్తో ఎర్ర క్లిప్పు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ఎవరిదో బట్టల క్లిప్పు ఇక్కడ చిక్కుకుందేమో అనుకున్నాను,” అన్నాడు. “అందరికీ టీ పెడదామని...”



“మూడోసారి పడింది సారూ,” అంది మిత్సుయో నెమ్మదిగా. “చెత్తబండి ఎవరిని ఎక్కమంటారు?”

ఇక నవ్వు ఆపడం ఎవరి తరం కాలేదు. ఒకామె గోడకి జారగిలబడి అక్కడే కూర్చుండిపోయింది. ఒగిషిమా ఏం చేయాలో తోచక ఓవెన్ తలుపు మీద చెయ్యి వేశాడు.

“తలుపు ముట్టకండి!”

పై అధికారి మీద తోకుయే గొంతు లేపడం ఇరవై ఆరేళ్ళలో అదే మొదలు. ఆయన చెయ్యి చటుక్కున వెనక్కి వచ్చింది.

“చివరి పది నిమిషాలకి కరెంటుతో పని లేదు. లోపలి వేడికి అదే మగ్గుతుంది. పోయి బ్రేకరు ఎత్తండి.”

ఆయన పోయి ఎత్తాడు.

పది గంటలకు బెల్టు ఆగింది. తోకుయే మొదటి దుంప విప్పింది. తొక్క ముడతపడి, దానంతట అదే విడిపోయి, లోపల పిండిలా పొడిపొడిగా రాలింది. ఓ చిటికెడు నోట్లో వేసుకుంది. “కుమగాయి గారిది. కొండవాలు, బూడిద నేల.” రెండోది ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. “ఏటి పక్క ఒబారా వాళ్ళది. నిల్వ చేసినా ఆ చెమ్మ పోదు.”

ఒగిషిమా చేతిలో చీటీ చూసుకుని తలాడించాడు. మిత్సుయో అప్పటికే మొదటి దుంపలో తన వంతు ముక్క మీద వెన్న వేసి, ఆ పైన ఉప్పులో మాగేసిన సముద్రపు స్క్విడ్ ముక్క పెట్టుకుని తినబోతూ ఆగిపోయింది.

మూడోది. తోకుయే నమిలింది. పైకప్పు చూసింది. మళ్ళీ నమిలింది. ఆమెకు తెలిసిన పొలాలన్నీ నాలుక మీదికి వచ్చి, మాది కాదంటే మాది కాదని వెళ్ళిపోయాయి. ఏదో ఒక పేరు అనేస్తే పోయేదే. తీరా నోరు తెరిచాక నిజమే వచ్చింది.

“ఇది మన షెడ్డుకి వచ్చిన దుంప కాదు. పొలమే చూడలేదిది. సంచిలో కొన్న మట్టి. పెంచినవాడెవడో గానీ, పాపం, రోజుకి రెండుసార్లు నీళ్ళు పోశాడు. పసిపిల్లకి పట్టినట్టు పట్టించాడు. నీళ్ళు తాగీ తాగీ రుచన్నది లేకుండా పోయింది.”

ఒగిషిమా చెవులు ఎర్రబడ్డాయి.

“మూడుసార్లు,” అన్నాడు.

“ఏంటి?”

“రోజుకి మూడుసార్లు పోశాను. మా బాల్కనీలో, తొట్టిలో.”

మిత్సుయోకి స్క్విడ్ పొలమారింది. ఇద్దరు వీపు తట్టారు.

మర్నాడు తొమ్మిదీ పదికి తోకుయే టీ గదిలోకి వెళ్ళేసరికి ఎర్ర క్లిప్పు అప్పటికే కెటిల్ తీగకి ఉంది. ఓవెన్లో కోడిగుడ్డంత దుంపలు నాలుగు, ఉత్త ఫాయిల్ చుట్టి ఉన్నాయి. ఆమె తనలో తను గొణుక్కుంటూ వాటిని విప్పి, పేపరు తడిపి, మళ్ళీ మొదటినుంచీ చుట్టి, మర చివరిదాకా తిప్పి బెల్టు దగ్గరికి పోయింది.

పావుగంట కావస్తుండగా ఆఫీసులో కుర్చీ జరిగిన చప్పుడైంది.

“ఇప్పుడే వస్తాను,” అన్నాడు ఒగిషిమా, ఎవరి వంకా చూడకుండా. “బాత్రూంకి.”