రాజారత్నం పక్కకు చూసిన రోజు

రాజారత్నం తిరుమల ఘాట్ రోడ్డులో ముప్పై ఏళ్ళు బస్సు నడిపాడు. ఏ మలుపులో ఏ గేరు వేయాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఆ కొండ ఎట్లా ఉంటుందయ్యా అని అడిగితే మాత్రం నీళ్ళు నములుతాడు. ఎందుకంటే ఆయన కొండను ఎన్నడూ చూడలేదు. నమ్మబుద్ధి కాకపోతే ఘాట్ డ్రైవర్లను ఎవరినైనా అడిగి చూడండి. స్టీరింగు పట్టుకున్నాక రోడ్డు, అద్దం, ముందుపోయే బండి వెనక లైటు, అంతే లోకం. లోయను చూసినవాడు లోయలోకే పోతాడని, పని నేర్పిన పెద్ద డ్రైవరు మొదటిరోజే చెవిలో వేశాడు. యాత్రికులు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి మురిసిపోతుంటే, తలలు లోపల పెట్టుకోండని కసరడమే రాజారత్నం ఎరిగిన కొండ అందం.

ఇంటివాళ్ళతో వెళ్ళినా ఇదే వరస. భార్య చంద్రకాంతమ్మ "ఆ బండ సూడయ్యా, ఎంత ఎర్రగా ఉండాదో" అంటే చాలు, "ఘాట్లో నన్ను మాట్లాడించొద్దు" అని నోరు మూయించేవాడు.

అలాంటి మనిషి, రిటైరయ్యి ఇంట్లో కూర్చున్నాక, ఒక ఆదివారం ఉన్నట్టుండి శిలాతోరణం చూసొద్దామన్నాడు. కూతురు భానుశ్రీ కారు తోలాలట, తాను పక్కన కూర్చుంటాడట, చంద్రకాంతమ్మ వెనక సీట్లోనట. ఆడపిల్ల నడిపే కారులో ఘాట్ ఎక్కేది లేదని నిన్నటిదాకా భీష్మించుకున్న మనిషి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. ఆయన బుద్ధిగా వచ్చి బెల్టు పెట్టుకునేసరికి భానుశ్రీకి సంతోషం కంటే భయమే ఎక్కువ వేసింది.

అసలు సంగతి ఆయన కడుపులోనే ఉంది. గ్లకోమా ముదిరిందని, పోయిన చూపు తిరిగి రాదని, చుక్కల మందుతో ఉన్నదాన్ని కొన్నాళ్ళు నిలపొచ్చని కంటి డాక్టరమ్మ చెప్పింది. ముందు పక్కలు పోతాయట. ఎదురుగా ఉన్నది చివరిదాకా మిగులుతుందట. ఆ మాటకు రాజారత్నానికి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. బతుకంతా ఎదురుగా ఉన్నదే చూశాను, ఇంక మిగిలేదీ అదేనా అని. పక్కలు పూర్తిగా మూసుకుపోకముందే కొండను కళ్ళారా చూడాలనుకున్నాడు. ఇంట్లో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అలిపిరి తనిఖీ దాటాక మొదటి మలుపుల్లో ఆయన కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. "నాయనా, నేను తోలతా ఉండాను. నువ్వు సూడు" అంది భానుశ్రీ. అప్పుడు తల తిప్పాడు. తిప్పి, పైకి ఎత్తాడు. ఎంత ఎత్తినా కొండ అయిపోలేదు. ఎర్రటి రాతిగోడ నిలువునా లేచి ఉంది, అట్ల మీద అట్లు పేర్చినట్టు పొరలు పొరలుగా. ఆ నెర్రెల్లో, చారెడు మన్ను లేనిచోట, చెట్లు పుట్టి కాచి నిలబడ్డాయి. దీని కిందనా నేను రోజూ హారన్ కొట్టుకుంటూ పోయింది అనుకున్నాడు.

పైకి చేరి శిలాతోరణం ముందు నిలబడ్డాడు. రెండు బండలను కలుపుతూ గాలిలో నిలిచిన రాయి. కింద ఆసరా లేదు, కట్టినవాడు లేడు. జనం వచ్చి ఫోటోలు తీసుకుని పోతున్నారు. ట్రిప్పుకు ట్రిప్పుకు మధ్య బస్టాండులో తువ్వాలు పరుచుకుని పడుకున్న మధ్యాహ్నాలన్నీ గుర్తొచ్చాయి ఆయనకు. కాస్త నడిస్తే ఇది ఇక్కడే ఉంది.

దిగేటప్పుడు ఒకచోట ఆపమన్నాడు. ఘాట్లో బండి ఆపడం ఆయన లెక్కలో మహాపాపం. భానుశ్రీ కాస్త వెడల్పున్న చోట చూసుకుని ఆపితే ముగ్గురూ దిగారు. రోడ్డు పక్కన ఒక పలక. ఆ పలక ఆయనకు బాగా తెలుసు, అది రాగానే రెండో గేరు వేసేవాడు. ఏం రాసుందో చదివే తీరిక మాత్రం దొరకలేదు.

"కింద ఉండే రాయి వేరే, పైన పొరలుండే రాయి వేరే అంట నాయనా. ఆ రెండూ కలిసే గీత ఉండాదే, దాని మధ్యలో ఎనభై కోట్ల ఏండ్లు పోయినాయంట" అని చదివి చెప్పింది భానుశ్రీ.

"పోయినాయా? యాడికి?"

"ఎవురికి తెలుసు. ఆ కాలానికి గుర్తుగా రాయి కూడా మిగల్లేదంట."

రాజారత్నం ఆ గీత వైపే చూస్తూ ఉండిపోయాడు. అన్ని కోట్ల ఏళ్ళు జాడ లేకుండా పోతే కొండ ఏమీ అనకుండా నిలబడి ఉంది. ఆయనకు దండం పెట్టాలనిపించింది, పెట్టాడు. చంద్రకాంతమ్మ నీళ్ళ సీసా చాపి ఎంతసేపటి నుంచో ఎడమ పక్కనే నిలబడి ఉంది. ఆయన తీసుకోలేదు.

"ఏమయ్యా, పక్కనే ఉండాను, కనపడలేదా?"

అప్పుడు చెప్పేశాడు. డాక్టరమ్మ ఏమందో, మందు ఎందాకా పనిచేస్తుందో, అన్నీ. చెబుతున్నంతసేపూ కొండనే చూశాడు, ఆమెను చూడలేదు. భానుశ్రీ పలకకు ఆనుకుని నోట్లో కొంగు కుక్కుకుంది. చంద్రకాంతమ్మ కూడా ఏడుస్తుందేమోనని రాజారత్నం భయపడ్డాడు. ఆమె సీసా మూత బిగించింది.

"యా పక్క ముందు పోతాదంట?"

"ఎడమ పక్క. ఇప్పుడే సగం లేదు."

చంద్రకాంతమ్మ ఇంకాస్త దగ్గరికి జరిగి ఆయన ఎడమచెయ్యి పట్టుకుంది. "సరే, ఈ పక్క నేనుంటాలే. నువ్వు కొండను సూడు."