సురేష్ కోటు ఫొటో

దయ్యాల్ని నేను ఎప్పుడూ నమ్మలేదు. ఫొటోలు తీసి బతికినవాణ్ణి. కంటికి తేడాగా కనబడిన ప్రతిదానికీ వెలుతురులోనో, రీలులోనో, కెమెరాలోనో కారణం దొరుకుతుందని నా నమ్మకం. ఇప్పుడు ఇది రాస్తున్నది ఎవరినో భయపెట్టడానికి కాదు. సురేష్ అనే కుర్రాడు మోడల్ కాలేకపోతే, తప్పు అతనిదేనని అప్పట్లో నేను అతని మొహం మీదే చెప్పాను. అది అబద్ధం. అసలు సంగతి చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు.

తొంభైల చివర్లో బందరులో మాకు చిన్న స్టూడియో ఉండేది. మా నాన్న పెట్టింది. పెళ్ళిళ్ళు, హాల్ టికెట్ ఫొటోలు, అప్పుడప్పుడు చనిపోయినవాళ్ళకి పెద్ద పటాలు.

సురేష్‌ది మొవ్వ దగ్గర పల్లెటూరు. వాళ్ళకి వరి పొలం ఉంది. మంచి ఎత్తు, కోలమొహం. రోడ్డు మీద నడుస్తుంటే వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. హైదరాబాదులో ఒక ఏజెన్సీ బట్టల ప్రకటనలకి కొత్తవాళ్ళని తీసుకుంటోందని, ముందు ఫొటోలు పంపాలని నా దగ్గరకి వచ్చాడు. "ఈ ఒక్కసారికే మా నాన్న ఒప్పుకున్నాడన్నా. కాకపోతే పొలంలోకి దిగాలి" అన్నాడు.

నాకు తెలిసింది పెళ్ళికొడుకుని నిలబెట్టడం. గడ్డం ఎత్తమన్నాను, ఊపిరి బిగబట్టమన్నాను. సురేష్ పక్కున నవ్వాడు.

"అన్నా, నన్నేం పెళ్ళిచూపులకి పంపట్లేదు కదా. మామూలుగా నిలబడనీ. చేతులు కనపడాలంట. దాచుకుంటే ఏదో లోపం ఉందనుకుంటారంట."

అతను చెప్పినట్టే చేశాను. గుమ్మం దగ్గర పక్క నుంచి పడే వెలుతురులో మొహం తీశాను. మంగినపూడి బీచ్‌లో పొద్దున్నే తెల్ల చొక్కాతో తీశాను. చివరికి స్టూడియోలో వచ్చినవాళ్ళందరికీ వేసే నల్ల కోటు వేసి నిలువెత్తు ఫొటో. కుడిచేత్తో కోటు అంచు పట్టుకుని, వేళ్ళు బయటికి కనబడేలా నిలబడ్డాడు. బ్లాక్ అండ్ వైట్‌లో ఒకే ఒక్క షాట్ తీశాను. రీలులో అదే ఆఖరిది. కుదిరిందని నొక్కినప్పుడే తెలిసింది.

మర్నాడు దానికి చిన్న ప్రింటు వేసి ఇచ్చాను. వేళ్ళన్నీ నిండుగా, స్పష్టంగా ఉన్నాయి. సురేష్ దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళాడు. పెద్ద ప్రింట్లు వేసి నన్నే పోస్టు చేయమన్నాడు.

ఆ వారంలోనే గిలకలదిండి నుంచి నాగమణి అనే ఆవిడ వచ్చింది. చేపల వేటకి వెళ్ళిన భర్త సముద్రం మీద పోయాడు. పెద్దకర్మకి పటం కావాలంది. ఆమె దగ్గర ఉన్నది మెడ వరకే ఉన్న చిన్న ఫొటో. "ఆయనకి కోటు సరదా బాబూ, పెళ్ళిలో కూడా వేసుకోలేకపోయాడు. కోటుతో చెయ్యి" అని అడిగింది.

అలాంటప్పుడు తల అతికించేవాళ్ళం. కోటు వేసుకున్న ఒళ్ళు ఒకరిది, మొహం ఇంకొకరిది. రెండూ కలిపి, అతుకు కనబడకుండా కుంచెతో దిద్ది, మళ్ళీ ఫొటో తీసేవాళ్ళం. ఒంటికోసం మా నాన్న ఒక పాత నెగటివ్ వేరుగా దాచేవాడు. అందులో ఉన్నతను ఎప్పుడో చనిపోయాడు. బతికున్నవాడి ఒళ్ళు దండ కిందకి పోకూడదన్నది నాన్న పట్టింపు. బందరులో ఏ స్టూడియో వాడిని అడిగినా అదే చెబుతాడు.

ఆ నెగటివ్ చెమ్మకి పాడైపోయింది. కర్మ దగ్గరపడింది. నేను సురేష్ కోటు నెగటివ్ తీసి వాడాను. తప్పని తెలిసే చేశాను. అతని చెవిన పడదులే అనుకున్నాను.

నాగమణి పటం చేతిలోకి తీసుకుంది. మొహం మీద కాదు, చేతి మీద వేలు పెట్టి నిమిరింది.

"వేలు కూడా అలాగే పెట్టావు బాబూ. నీకెవరు చెప్పారు?"

నాకు అర్థం కాలేదు. వంగి చూశాను. కోటు అంచు మీదున్న కుడిచేతి చూపుడువేలికి చివరి కణుపు లేదు. వల తాడు బిగుసుకుని తన భర్త వేలు అలాగే తెగిందని ఆమే చెప్పింది. ఆమె ఇచ్చిన ఫొటోలో చెయ్యే లేదు. నేను చేతి జోలికి పోలేదు. మెడ దగ్గర తప్ప కుంచె పెట్టలేదు.

ఆమె వెళ్ళాక నెగటివ్ తీసి వెలుతురుకి పెట్టి భూతద్దంతో చూశాను. అందులోనూ కణుపు లేదు. గీత లేదు, మరక లేదు. తెగి మానిన వేలు ఎలా ఉంటుందో అలాగే గుండ్రంగా ఉంది. ప్రింటు వేసి చూశాను. మళ్ళీ వేశాను. అంతే.

అప్పుడే సురేష్‌ని పిలిచి ఇంకో ఫొటో తీసి ఉంటే సరిపోయేది. కానీ ఎందుకు మళ్ళీ తీస్తున్నానో చెప్పాలి. నీ ఒంటికి చనిపోయినవాడి తల పెట్టానని ఏ మొహంతో చెప్పను? నీడ అనుకుంటారులే అని నాకు నేనే సర్ది చెప్పుకుని, ఆ ప్రింటునే మిగతావాటితో కలిపి పోస్టు చేశాను.

కొన్నాళ్ళకి సురేష్ ఎస్టీడీ బూత్ నుంచి హైదరాబాదులో ఏజెన్సీకి ఫోన్ చేశాడు. అక్కణ్ణుంచి నేరుగా నా దగ్గరకి వచ్చాడు. రెండు చేతులూ బల్ల మీద పరిచాడు.

"అన్నా, నా వేళ్ళు ఓసారి చూడు. వేలు తెగినవాళ్ళని తీసుకోరంట. నాకెక్కడ తెగింది?"

జేబులో చిన్న ప్రింటు తీసి ముందు పెట్టాడు. అందులో వేలు నిండుగా ఉంది.

"అది వేరే షాట్. నీకు తెలియకుండా వెంటనే ఇంకోటి నొక్కాను, దాంట్లో వేలు మడిచావు. కదలొద్దని చెప్పానా లేదా?" అన్నాను.

అతను నమ్మాడు. నా మీద కోపం రాలేదు. "నాదే పొరపాటన్నా. నిలబడ్డం కూడా చేతకాలేదు" అన్నాడు. నేను బల్ల సర్దుతూ ఉండిపోయాను.

వాళ్ళ నాన్న అన్నంత పనీ చేసి అతన్ని పొలంలోకి దింపాడు. ఊళ్ళో కుర్రాళ్ళు "ఏరా హీరో, ఉన్నాయా వేళ్ళు?" అని ఏడిపించేవాళ్ళట. తర్వాత గుడివాడ వైపు పెళ్ళిళ్ళలో నా కెమెరాకి అతను చాలాసార్లు దొరికాడు. ప్రతి గ్రూపు ఫొటోలో కుడిచెయ్యి జేబులో ఉండేది. తన పెళ్ళి ఫొటోల్లో కూడా చెయ్యి పెళ్ళికూతురి కొంగు వెనక దాచాడు. అవి కడిగిందీ నేనే.

నాకు తెలిసిన కారణాలన్నీ వెతికాను. విజయవాడలో ల్యాబ్ వాళ్ళకి చూపించాను. దిద్దిన గుర్తు లేదన్నారు. డిజిటల్ కెమెరాలు వచ్చి డార్క్ రూమ్ మూసేశాక ఆ నెగటివ్ స్కాన్ చేయించాను. వేలు అలాగే పొట్టిగా ఉంది. ఎందుకో నాకు ఈరోజుకీ తెలియదు. దయ్యమని అనలేను. నా పొరపాటని తేల్చనూలేను. నా పొరపాటు వేరే ఉంది.

పదేళ్ళు దాటాక, సురేష్ చల్లపల్లిలో బట్టల షాపు పెట్టాడని తెలిసి వెళ్ళాను. జుట్టు కాస్త పల్చబడింది, మనిషి అలాగే నిటారుగా ఉన్నాడు. మధ్యాహ్నం, గిరాకీ లేదు. కూర్చోబెట్టి సోడా తెప్పించాడు. నెగటివ్ అతని చేతిలో పెట్టి, నాగమణి వచ్చిన దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. ట్యూబ్‌లైటుకి ఎత్తి చూస్తూ విన్నాడు. తిడతాడని సిద్ధపడే వెళ్ళాను.

అతను నెగటివ్ దించి అడిగింది ఒకటే.

"అయితే నేను బానే నిలబడ్డానా అన్నా?"

"బాగా నిలబడ్డావు సురేష్. వేలు మడవలేదు, కదల్లేదు. ఆ కోటులో నేను తీసింది ఒకటే షాట్. రెండోది లేదు. అబద్ధం చెప్పి తప్పు నీ మీదకి తోశాను. నన్ను క్షమించు."